వెదురు బొంగుల విమానం: ఆల్బర్టో శాంటోస్ డ్యూమాంట్ జీవితం

విమానాన్ని దగ్గరగా చూడాలంటే తూప్రాన్ పిల్లలు విమానాశ్రయం దాకా పోనక్కర్లేదు. దుండిగల్ వైమానిక దళ అకాడమీ మనకు గంటలోపు దూరంలోనే ఉంది. అక్కడ శిక్షణ పొందే క్యాడెట్ల పిలాటస్ విమానాలు మన పొలాల మీదుగా తిరుగుతుంటే పిల్లలు తలెత్తి చూస్తారు. 2023 డిసెంబర్ 4 ఉదయం అలాంటి విమానమే ఒకటి మన రావెల్లి శివారులో కూలిపోయింది. అందులో ఉన్న ఇద్దరూ, నేర్పుతున్నవారు, నేర్చుకుంటున్నవారు, ప్రాణాలు కోల్పోయారు. అందుకే మన ఊళ్లో ఒక పిల్లవాడు పెద్దయ్యాక పైలట్ అవుతానంటే తల్లి ముఖంలో సంతోషం ఒక్కటే కనిపించదు.

ఈ నెల మనం పరిచయం చేస్తున్న వ్యక్తి ఆ సంతోషాన్నీ, ఆ దిగులునీ జీవితాంతం మోసినవారు. విమానం ఇంకా సర్కస్ వింతలా ఉన్న రోజుల్లో ఆయన వెదురు బొంగులతో, పట్టు బట్టతో ఒక చిన్న విమానం చేశారు. ఎవరైనా సొంతంగా చేసుకోవచ్చని దాని నమూనాను ఊరికే ఇచ్చేశారు. ఇళ్లల్లో, షెడ్లలో, గ్యారేజీల్లో మామూలు మనుషులు సొంత విమానాలు కట్టుకునే అలవాటుకు మొదలు ఎక్కడని వెతికితే దారి ఆయన దగ్గరికే పోతుంది.

ఆల్బర్టో శాంటోస్ డ్యూమాంట్ 1873 జులై 20న బ్రెజిల్‌లో పుట్టారు. తండ్రి హెన్రిక్ డ్యూమాంట్ ఇంజినీరు. రైలు మార్గాల పనులు చేసి, తర్వాత లక్షల కాఫీ చెట్లున్న పెద్ద తోటకు యజమాని అయ్యారు. తోటలో సొంత రైలు పట్టాలు, ఆవిరి యంత్రాలు, కాఫీ గింజలను కడిగి, ఎండబెట్టి, వేరుచేసే మిషన్లు ఉండేవి. మిగతా పిల్లలు గుర్రాల వెంట తిరుగుతుంటే ఆల్బర్టో మిషన్ల దగ్గర కూర్చునేవాడు. ఏడేళ్లకే ఆవిరి బండి తోలాడు, పన్నెండేళ్లకు తోటలోని రైలింజన్ నడిపాడు. మన దగ్గర పిచ్చుక ఎగిరింది, బర్రె ఎగిరింది అంటూ వేళ్లు ఎత్తించే ఆట ఉంది కదా, అలాంటి ఆటే అక్కడి పిల్లలూ ఆడేవారు. మనిషి పేరు వచ్చినప్పుడు కూడా ఆల్బర్టో వేలు ఎత్తేవాడు. అందరూ నవ్వి, ఓడిపోయావు, జరిమానా కట్టమంటే ఒప్పుకునేవాడు కాదు. ఫ్రెంచి రచయిత జూల్స్ వెర్న్ కథలు అప్పటికే బాగా చదివి ఉన్నాడు మరి.

ఆ తర్వాత ఇంట్లో ఒక కష్టం వచ్చింది. బండి మీంచి పడిన తండ్రికి ఒక పక్క పక్షవాతం వచ్చింది. తోట అమ్మేశారు, చికిత్స కోసం కుటుంబం పారిస్ వెళ్లింది. 1892లో, తనకు ఎక్కువ కాలం లేదని తెలిసిన ఆ తండ్రి, 18 ఏళ్ల కొడుకును చట్టప్రకారం స్వతంత్రుడిని చేసి, అతని వాటా ఆస్తి అతని చేతిలో పెట్టారు. పారిస్ వెళ్లి ఒక మంచి గురువును చూసుకుని భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, మెకానిక్స్, విద్యుత్తు నేర్చుకోమన్నారు. డాక్టరు పట్టా కోసం తాపత్రయపడొద్దని, రేపటి ప్రపంచం యంత్రాలదని చెప్పారు. ఆ ఏడాదే కన్నుమూశారు.

ఇది చదివి మనలో చాలామంది, అంత ఆస్తి ఉంటే ఎవరైనా చెప్తారు అనుకోవచ్చు. నిజమే. కాళ్లకల్ ఫ్యాక్టరీలో షిఫ్టు చేసి ఫీజు కట్టే తండ్రికి, ఎకరం అమ్మి ఇంటర్‌లో చేర్పించే తల్లికి ఆ వెసులుబాటు లేదు. కానీ డబ్బున్న ప్రతి తండ్రీ ఆ మాట చెప్పలేదు కూడా. ఆ కాలపు బ్రెజిల్ ధనిక కుటుంబాల్లో కొడుకంటే లాయరో, డాక్టరో అవ్వాల్సిందే. కొడుకు పదేళ్లుగా ఎటు చూస్తున్నాడో హెన్రిక్ గమనించారు, అటే పంపారు.

పారిస్‌లో ఆ యువకుడు ఒక ప్రైవేటు గురువు దగ్గర చదువుకున్నారు, కార్లు కొని విప్పి బిగించారు. 1898లో సొంత బెలూన్ చేయించుకున్నారు. అప్పటి బెలూన్లు చాలా పెద్దవి, ఆయనది చేతిలో పట్టుకెళ్లేంత చిన్నది. ఆయన మనిషి కూడా చిన్నవాడే, బరువు 50 కిలోల అటూ ఇటూ. ప్రతి వస్తువునూ తన ఒంటి కొలతకు తగ్గట్టు తేలికగా చేయడం ఆయన పద్ధతి. ఈ విషయం గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని పడుతుంది.

బెలూన్‌ను గాలి ఎటు తీసుకుపోతే అటు పోవాల్సిందే. దానికి పెట్రోల్ ఇంజన్, చుక్కాని తగిలిస్తే మనిషి తనకు కావలసిన చోటుకు పోగలడు. హైడ్రోజన్ నింపిన సంచి కింద నిప్పులు కక్కే ఇంజన్ పెట్టడం ప్రాణాలతో చెలగాటమని చాలామంది హెచ్చరించారు. ఆయన మానలేదు. ఒకదాని తర్వాత ఒకటి, నంబర్లు వేసుకుంటూ గాలి ఓడలు కట్టారు. సెయింట్ క్లౌడ్ నుంచి బయలుదేరి ఈఫిల్ టవర్ చుట్టి 30 నిమిషాల్లో తిరిగి వస్తే లక్ష ఫ్రాంకుల బహుమతి అని డాయిష్ అనే పెట్రోలు వ్యాపారి ప్రకటించారు. 1901 ఆగస్టు 8న చేసిన ప్రయత్నంలో గ్యాస్ కారిపోయి నంబర్ 5 ఒక హోటల్ పైకప్పుకు తగిలి చిరిగిపోయింది. ఆయన గోడకు వేలాడుతున్న బుట్టలో చిక్కుకుంటే అగ్నిమాపక సిబ్బంది తాడు వేసి పైకి లాగారు. అదే సాయంత్రం నంబర్ 6 పని మొదలుపెట్టించారు, మూడు వారాల్లో అది తయారైంది.

అక్టోబర్ 19న టవర్ చుట్టి వచ్చారు. గీత దాటింది అరగంట లోపే కానీ, తాడు అందుకుని దిగేసరికి కొంచెం ఎక్కువైందని నిర్ణేతలు తర్జనభర్జన పడ్డారు. పారిస్ జనం ఊరుకోలేదు. చివరకు బహుమతి ఆయనకే దక్కింది. ఆ సొమ్మును ఆయన ఇంటికి తీసుకుపోలేదు. తన వర్క్‌షాపు మనుషులకు పంచి, మిగతాది పారిస్‌లోని పేదలకు ఇచ్చారు. ఆ డబ్బుతో, పూట గడవక పనిముట్లు తాకట్టు పెట్టుకున్న కూలీలు వాటిని విడిపించుకున్నారు.

1903లో జరిగిన ఒక సంగతి తల్లిదండ్రులకు ఆసక్తిగా ఉంటుంది. ఐదా ద అకోస్టా అనే అమ్మాయి గాలి ఓడ నడపడం నేర్పమని అడిగితే, ఆయన మూడు పాఠాలు చెప్పి నంబర్ 9ని ఆమె ఒక్కదాని చేతికే అప్పగించారు. కింద సైకిల్ మీద వెంట వస్తూ సైగలు చేశారు. ఇంజన్‌తో నడిచే వాహనాన్ని ఆకాశంలో నడిపిన మొదటి మహిళ ఆమె. ఇంట్లో తెలిసి గొడవైంది, ఆడపిల్ల పేరు పత్రికలకెక్కకూడదని ఆ సంగతి చాలా ఏళ్లు దాచిపెట్టారు. 2016 జూన్‌లో మన దుండిగల్‌లోనే ముగ్గురు అమ్మాయిలు దేశపు తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బాధ్యతలు తీసుకున్నప్పుడు అన్ని పత్రికలూ మొదటి పేజీలో వేశాయి. మధ్యలో నూరేళ్లు పట్టింది.

గాలి ఓడల నుంచి ఆయన రెక్కల విమానానికి మళ్లారు. అప్పటికే, 1903 డిసెంబర్ 17న, అమెరికాలో రైట్ సోదరులు ఎగిరారు, కానీ తమ యంత్రాన్ని అందరి ముందూ పెట్టలేదు. శాంటోస్ డ్యూమాంట్ 14-బిస్ అనే విచిత్రమైన విమానాన్ని పారిస్ జనం మధ్యలో పరీక్షించారు. మొదట దాన్ని గాలి ఓడ నంబర్ 14 కింద వేలాడదీసి చూశారు, తీగ మీద వేలాడదీసి గాడిదతో లాగించి కూడా చూశారు. ఆ పేరు వచ్చింది ఆ నంబర్ 14 వల్లే. 1906 అక్టోబర్ 23న అది చక్రాల మీద పరిగెత్తి, సొంత బలంతో నేల విడిచి 60 మీటర్లు ఎగిరింది. నవంబర్ 12న 220 మీటర్లు పోయింది. బ్రెజిల్‌లో పిల్లలు నేటికీ విమాన పితామహుడు ఎవరంటే ఆయన పేరే చెబుతారు. అమెరికా పిల్లలు రైట్ సోదరులంటారు. తేదీల లెక్క చూస్తే రైట్ సోదరులదే ముందు, ఇందులో పెద్దగా వాదించాల్సింది లేదు. శాంటోస్ డ్యూమాంట్ గొప్పతనం వేరే చోట ఉందని మా అభిప్రాయం. అది ఆ తర్వాత చేసిన విమానంలో ఉంది.

దాని పేరు డెమ్వాజెల్. ఫ్రెంచిలో ఆ మాటకు అమ్మాయి అనీ, తూనీగ అనీ రెండర్థాలూ ఉన్నాయి. చూడటానికి తూనీగే. 1907 నవంబర్‌లో మొదటి రూపం ఎగిరింది. అందులో రెక్క నుంచి తోక దాకా ఒకే ఒక్క బొంగు. ఒక్క బొంగయితే మెలితిరుగుతుంది, ఊగుతుంది. 1909 నాటి నంబర్ 20లో మూడు బొంగులను త్రికోణంలా అమర్చి, మధ్యలో అడ్డకర్రలు వేసి, సన్నని ఉక్కు తీగలతో బిగించారు. చతురస్రాన్ని ఒక మూల పట్టి నొక్కితే వంగిపోతుంది, త్రికోణం వంగదు. మీ పిల్లలు ఐస్‌క్రీమ్ పుల్లలతో వంతెన చేసి ఉంటే ఈ సంగతి వాళ్లే మీకు చెబుతారు.

బొంగు ఎందుకంటే, అది లోపల బోలుగా ఉండి బరువు తక్కువ, వంగకుండా నిలబడే బలం ఎక్కువ. గంపలు, తడికలు అల్లేవాళ్లకు తెలిసిన విషయమే. చిక్కు ఎక్కడంటే మేకు కొడితే బొంగు నిలువునా చీలుతుంది. అందుకే ఆయన అతుకుల దగ్గర లోహపు తొడుగులు వాడారు. బొంగులు విడదీయడానికి వీలుగా ఉండడంతో విమానాన్ని విప్పి కారు మీద వేసుకుని తీసుకుపోవచ్చు. రెక్క కొస నుంచి కొసకు 5 మీటర్ల పైచిలుకు, పైన పట్టు బట్ట. ఇంజన్‌తో కలిపి కూడా మన రోడ్ల మీద తిరిగే బుల్లెట్ బండి కన్నా తేలిక.

నడిపేవాడు రెక్క కింద, చక్రాల మధ్య, నేలకు జానెడు ఎత్తులో ఒక బట్ట పట్టీ మీద కూర్చుంటాడు. ఇంజన్ తల పైన. ఇంజన్‌ను చల్లబరిచే నీరు రెక్క కిందుగా సన్నని గొట్టాల్లో పారుతుంది. అడ్డంగానూ నిలువుగానూ ఉన్న తోక పలకలు రెండూ కలిసి ఒకే కీలు మీద ఎటైనా తిరుగుతాయి. అన్నిటికన్నా తమాషా, పక్కకు ఒరగకుండా చూసుకునే ఏర్పాటు. నడిపేవాడి కోటు వీపున ఒక జేబు కుట్టి, అందులో ఒక పుల్ల దూర్చేవారు. విమానం ఎడమకు ఒరిగితే మనిషి సహజంగా కుడికి వాలతాడు, అప్పుడు ఆ పుల్ల తీగలను లాగి రెక్క కొసలను మెలితిప్పి విమానాన్ని సరిచేస్తుంది. సైకిల్ తొక్కేటప్పుడు ఒళ్లు తనంతట తాను సర్దుకుంటుంది కదా, అదే సూత్రం. ఇంత చిన్న యంత్రం గంటకు 90 కిలోమీటర్ల వేగంతో పోయేది. స్నేహితుల ఇళ్లకు వెళ్లడానికి ఆయన కారు బదులు దీన్ని వాడిన సందర్భాలున్నాయి.

దీని మీద ఆయన పేటెంటు తీసుకోలేదు. అడిగినవారికి డ్రాయింగులు ఇచ్చారు. ఫ్రాన్స్‌లో ఒక కార్ల కంపెనీ తయారుచేసి అమ్మింది, దాన్నీ ఆపలేదు. 1910లో అమెరికా పత్రిక పాపులర్ మెకానిక్స్ ఆ డ్రాయింగులను కొలతలతో సహా రెండు సంచికల్లో అచ్చేసింది. ఆ రోజుల్లోనే రైట్ సోదరులు తమ పేటెంటు కోసం కోర్టుల చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. సైకిళ్ల కొట్టు నడుపుకుని, సంపాదించిన ప్రతి డాలరూ ప్రయోగాల్లో పెట్టినవాళ్లు వాళ్లు. కాఫీ తోటల డబ్బున్నవాడు ఇచ్చినంత సులువుగా వాళ్లు ఇవ్వలేరు. అయినా ఇవ్వగలిగిన స్థితిలో ఉండి కూడా ఇవ్వనివాళ్లే లోకంలో ఎక్కువ. డెమ్వాజెల్ మీద ఎగరడం నేర్చుకున్నవారిలో రోలాండ్ గారోస్ ఒకరు. టెన్నిస్ చూసే ఇళ్లల్లో ఆ పేరు తెలుసు, పారిస్‌లోని స్టేడియానికి ఆయన పేరే పెట్టారు.

ఆ ఏడాదే, 1910లో, మద్రాసులో డి ఏంజెలిస్ అనే హోటల్ యజమాని సింప్సన్ కంపెనీ సాయంతో సొంత విమానం కట్టించి పల్లావరంలో ఎగిరారు. అప్పుడు ఆంధ్ర ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. పారిస్‌లో అంటుకున్న సరదా మన దిక్కుకు రావడానికి అట్టే కాలం పట్టలేదన్నమాట.

శాంటోస్ డ్యూమాంట్ మాత్రం ఆ ఏడాదే ఆగిపోయారు. జనవరిలో ఎగురుతుండగా ఒక తీగ తెగి డెమ్వాజెల్ కూలింది. గాయాలతో బయటపడ్డారు కానీ మళ్లీ విమానం నడపలేదు. తల తిరగడం, వస్తువులు రెండుగా కనిపించడం మొదలైంది. డాక్టర్లు నరాల జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నారు. అప్పటికి వయసు 36. వర్క్‌షాపు మూసి, పనివాళ్లను పంపేసి, ఫ్రాన్స్ సముద్ర తీరంలో ఒక ఇంట్లో టెలిస్కోపుతో నక్షత్రాలు చూస్తూ గడిపారు. 1914లో యుద్ధం వచ్చాక, ఆ టెలిస్కోపు చూసిన ఇరుగుపొరుగు ఆయన జర్మన్ గూఢచారి అని పుకారు లేపారు. పోలీసులు ఇల్లు సోదా చేశారు, తర్వాత క్షమాపణ చెప్పారు. మనసు విరిగిన ఆయన తన కాగితాలు, డ్రాయింగులు చాలావరకు కాల్చేశారు.

అదే యుద్ధంలో విమానాలు బాంబులు వేశాయి. ఆయనను లోపల తొలిచేసింది ఇదే. దూరాల్ని తగ్గిస్తుందని, మనుషుల్ని కలుపుతుందని నమ్మి చేసిన వస్తువు ఇళ్ల మీద నిప్పులు పోస్తోంది. బ్రెజిల్‌కు తిరిగి వెళ్లి పెట్రోపోలిస్ కొండల్లో చిన్న ఇల్లు కట్టుకున్నారు. దాని మెట్లు సగం సగం కోసి ఉంటాయి, ఎక్కేవాళ్లు కుడి కాలు ముందు పెట్టి తీరాలి. మనకు కుడికాలి పట్టింపు తెలిసిందే కాబట్టి నవ్వు రాదు. 1926లో, విమానాలను యుద్ధంలో ఆయుధంగా వాడకుండా నిషేధించమని నానాజాతి సమితికి విజ్ఞప్తి చేశారు. ఫలితం లేకపోయింది.

1928 డిసెంబర్ 3న యూరప్ నుంచి ఓడలో రియో డి జనీరో చేరుతున్నారు. స్వాగతం పలకడానికి ఆయన పేరే పెట్టిన నీటి విమానం ఒకటి ఎదురు వచ్చింది. అందులో బ్రెజిల్ ఇంజినీర్లు, శాస్త్రవేత్తలు ఉన్నారు. ఆయన కళ్ల ముందే అది సముద్రంలో కూలింది, ఒక్కరూ మిగల్లేదు. సన్మానాలు రద్దు చేయించి అంత్యక్రియలకు వెళ్లారు. ఆ తర్వాత కోలుకోలేదు. 1932లో బ్రెజిల్‌లో అంతర్యుద్ధం మొదలై, బ్రెజిల్ విమానాలే బ్రెజిల్ మనుషుల మీద బాంబులు వేశాయి. ఆ జులై 23న, 59 ఏళ్ల వయసులో, శాంటోస్ డ్యూమాంట్ తన ప్రాణం తానే తీసుకున్నారు. ఆ సంగతిని ప్రభుత్వం చాలాకాలం దాచి గుండె ఆగి పోయారని చెప్పింది. కుంగుబాటు ఒక జబ్బని, దానికి వైద్యం కావాలని ఆయన చుట్టూ ఉన్నవాళ్లకు తెలిసినట్టు లేదు, తెలిసినా చెప్పుకునే రోజులు కావవి. మన పిల్లలకు ఈ కథ చెప్పేటప్పుడు ఈ భాగం దాచొద్దని మనవి. వయసుకు తగ్గ మాటల్లో చెప్పండి.

ఆయన వదిలిన దారి మాత్రం మూసుకుపోలేదు. 1934లో హెన్రీ మిన్యే అనే ఫ్రెంచి ఆయన, చెక్కపెట్టె కొట్టగలిగినవాడెవడైనా కట్టుకోగల విమానం అంటూ ఒక పుస్తకం రాశారు. ఫ్లయింగ్ ఫ్లీ అని జనం పిలిచిన ఆ విమానాన్ని ఫ్రాన్స్‌లో, ఇంగ్లండ్‌లో వందల మంది కట్టుకున్నారు. కొందరు చనిపోయారు. గాలి సొరంగంలో పరీక్షించి చూస్తే, ముక్కు ఒక హద్దు దాటి కిందికి వంగాక మళ్లీ పైకి లేవనివ్వని లోపం రెండు రెక్కల అమరికలోనే ఉందని తేలింది. నమూనా పంచిపెట్టడం మంచి మనసు, పంచేముందు పరీక్షించి చూడటం బాధ్యత. నేడు చాలా దేశాల్లో ఇంట్లో కట్టిన విమానానికి ప్రత్యేక నిబంధనలు, తనిఖీలు, పరీక్షా విమానయానాలు ఉన్నది అలాంటి మరణాల తర్వాతే.

ఇప్పుడు కిట్లు వచ్చాయి. మన పిల్లలు ల్యాబ్‌లో రోబోటిక్స్ పెట్టె విప్పినట్టే, రంధ్రాలు వేసిన అల్యూమినియం రేకులు, వేల రివెట్లు, డ్రాయింగులు పెట్టెల్లో వస్తాయి. పనిలో సగానికి పైగా కొన్నవాళ్లే చేయాలని అమెరికా నియమం. అక్కడి వ్యాన్స్ అనే ఒక్క కంపెనీ కిట్లతో కట్టి ఎగిరిన విమానాలే 10 వేలకు పైగా ఉన్నాయి. మన దేశంలో ముంబయికి చెందిన ఒక పైలట్ అపార్టుమెంటు మేడ మీద విమానం కట్టి, ఏళ్ల తరబడి అనుమతుల కోసం తిరిగి చివరకు ఎగిరించారు.

డెమ్వాజెల్ ఒకటి పారిస్ దగ్గర లె బూర్జే మ్యూజియంలో వేలాడుతోంది. 1965లో విడుదలైన, తొలి విమానాల పోటీ మీద తీసిన ఒక ఇంగ్లిష్ సినిమా కోసం దాని నకలు కట్టారు. కొలతలన్నీ సరిగ్గా ఉన్నా మగ పైలట్ ఎక్కితే అది సరిగా లేవలేదు. చివరకు జోన్ హ్యూస్ అనే చిన్నపాటి ఆకారం గల మహిళా పైలట్‌ను పిలిపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ కోసం యుద్ధ విమానాలను ఒక చోటు నుంచి మరో చోటుకు చేర్చిన అనుభవం ఆమెది. ఆమె కూర్చోగానే అది లేచింది. ఆ విమానం 50 కిలోల మనిషి కోసం చేసింది మరి.